తొమ్మిదో రిజిస్టరు

మార్చి 18, సోమవారం

బర్టన్ హైస్లర్ వచ్చాడు. నాలుగున్నరకి వస్తానని నాలుగు నలభై రెండుకి వచ్చాడు. ఆరో తరగతిలోనూ ఇంతే. ఇప్పుడు ఊరి కౌన్సిల్‌కి అధ్యక్షుడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పించాను.

"టీచర్, మీరు కాదనకూడదు," అన్నాడు కూర్చోకముందే.

"సంగతేమిటో చెప్పకుండా కాదనకూడదంటే ఎలాగ?"

ఏప్రిల్ పద్నాలుగున, ఆదివారం, చర్చి అయ్యాక ఫైర్ స్టేషన్ హాల్లో స్వచ్ఛంద సేవకుల సన్మానం. ఏటా జరిగేదే. ఈ ఏడు మా ఊరు మార్ల్ కోవ్‌కి ఉత్తమ పౌరురాలిని నేనట. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊరి రోగుల్ని పట్నం ఆసుపత్రికి చేరుస్తున్నందుకు. కమిటీలో ఏడుగురికి ఏడుగురూ చెయ్యెత్తారట.

"కార్లు నేను నడపలేదు. ఇంట్లో కూర్చుని ఫోన్లు చేశాను, రిజిస్టరు పుస్తకం రాశాను. నడిపినవాళ్లకివ్వండి."

"నడిపినవాళ్లే మీకిమ్మంటున్నారు. పదకొండు వేల నాలుగు వందల ప్రయాణాలు!"

"పదకొండు వేల నాలుగు వందల ఆరు."

"అదిగో, అందుకే మీకు," అని తొడ చరుచుకున్నాడు. "ఒక్కటంటే ఒక్కటి రద్దు కాలేదు టీచర్. పెద్ద మంచు పడిన ఏడు కూడా. మంచు తోసే బండి ముందు, మన కారు వెనక. మా నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు." తర్వాత గొంతు తగ్గించాడు. "నోరీన్ ఉంటే సంతోషించేది."

టీ కలపడానికి లేచాను. కలిపే ఉంది. మళ్లీ కూర్చున్నాను.

రిజిస్టర్లు తొమ్మిదీ హాల్లో బల్లమీద పరుస్తారట. జనం తిరగేసి వాళ్ల వాళ్ల అమ్మానాన్నల పేర్లు వెతుక్కుంటారట. రోగుల వివరాలు బయటపెట్టడం కుదరదన్నాను.

"ఈ ఊళ్లో ఎవరి కిడ్నీ ఎలా ఉందో వాళ్లకంటే ముందు పక్కింటివాళ్లకి తెలుసు టీచర్."

నవ్వించాలని అన్నాడు. ఎనిమిది ఇస్తానన్నాను. తొమ్మిదోది వాడకంలో ఉంది.

నా కూతురు నోరీన్ పోయి ముప్ఫై నాలుగు రోజులు. ఇది లెక్క కోసం రాస్తున్నాను.

మార్చి 19

ఫిబ్రవరి 12న ఉదయం ఆరు నలభైకి మా ఇంటి ముందు రోడ్డు బాగానే ఉంది. కిటికీలోంచి నేనే చూశాను.

మార్చి 21, గురువారం

ఆస్మండ్ టఫ్ట్స్ డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు. డ్రైవరు ఇలీన్ మోషర్. బయల్దేరింది 7.02, చేరింది 8.24. రోడ్డు పొడి. నోరీన్ వంతులన్నీ ఇప్పుడు ఇలీనే తీసుకుంది. అరవై తొమ్మిదేళ్లు, ఒక మోకాలు పనిచెయ్యదు, కారులో పాటలు గట్టిగా పెడుతుంది. కానీ వేళకి వెళ్తుంది.

బాగున్న రోజుల్లో రాయడానికి ఎక్కువ ఉండదు.

మార్చి 24, ఆదివారం

జోసీ సంగతి. నోరీన్ కూతురు. పదిహేనేళ్లు. ఫిబ్రవరి నుంచి నా దగ్గరే, వాళ్లమ్మ చిన్నప్పటి గదిలో ఉంటోంది. వాళ్ల నాన్న ఆల్బర్టాలో చమురు బావుల దగ్గర పని. నెలకోసారి ఫోన్ చేస్తాడు, వాతావరణం గురించి మాట్లాడతాడు.

బ్రెడ్డుకి మొలాసిస్ పాకం రాసుకుంటూ చెప్పింది: "అమ్మమ్మా, బర్టన్ అంకుల్ నన్ను మాట్లాడమన్నాడు. సన్మానంలో. నీ గురించి."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను. రెండు నిమిషాలే. నీ పుస్తకాలు చూస్తే అంకెలు దొరుకుతాయి కదా. అంకెల్లేకపోతే నువ్వు స్టేజీ మీదే తప్పులు పడతావు."

తమాషాకే అంది. ఆ ముఖంలో వాళ్లమ్మ ఎడమ బుగ్గ ఉంది, నవ్వు సగంలో ఆగిపోయే బుగ్గ. అల్మారాలోంచి మొదటి రిజిస్టరు నుంచి ఎనిమిదోదాకా తీసిచ్చాను.

"తొమ్మిదోది?"

"జిల్లా ఆఫీసువాళ్లు తీసుకెళ్లారు. తనిఖీకి."

జిల్లా ఆఫీసువాళ్లు మా రిజిస్టర్లని ఎప్పుడూ తనిఖీ చెయ్యలేదు. తొమ్మిదోది కుట్టుమిషను పెట్టెలో ఉంది. ఈమధ్య ప్రయాణాలు ఈ డైరీలోనే రాస్తున్నాను.

డెబ్భై రెండేళ్లకి ఒక పిల్లకి అబద్ధం చెప్పాను. తేదీ వేస్తున్నాను.

మార్చి 25

రోగుల గోప్యత కోసమే. అంతే.

మార్చి 28, గురువారం

ఆస్మండ్: 7.00, 8.21, తడి రోడ్డు. ఇలీన్.

సాయంత్రం జోసీ ప్రసంగం రాస్తోంది. తప్పుపడిన మాట మీద తెల్లరంగు పూసి ఆరేదాకా ఊదుతోంది. కాగితం లాక్కున్నాను.

"ఇదేం పని? తప్పు రాస్తే దాని మీద ఒకే గీత. కింద మాట చదవడానికి వీలుండాలి. పైన సరైన మాట, పక్కన నీ పొడి అక్షరాలు. దాచిపెట్టడం దిద్దడం కాదు."

"అమ్మకీ ఇదే చెప్పేదానివా?"

"ఊళ్లో అందరికీ చెప్పాను. ముప్ఫై మూడేళ్లు బడిలో చెప్పాను."

"అమ్మ కిరాణా చీటీలో కూడా ఒకే గీత గీసేది," అంది. "ఉల్లిపాయలు కొట్టేసి పక్కన ఎన్.సి. అని రాసేది. నాకు నవ్వొచ్చేది."

కాగితం తిరిగిచ్చాను. తర్వాత వంకరగా ఒక గీత గీసి జె.సి. అని రాసింది.

మార్చి 30

ఇదంతా ఒకసారి వరసగా రాసుకోవాలి. రాస్తే కుదుటపడుతుంది.

నియమం: రాలేని డ్రైవరు ఉదయం ఆరు లోపల ఫోన్ చెయ్యాలి. ఆరు దాటితే వేరే మనిషిని వెతికే వ్యవధి ఉండదు. ఈ నియమం నేనే పెట్టాను, ఇరవై ఏళ్ల కిందట. ఒక్క వారంలో ముగ్గురు చివరి నిమిషంలో మానేశారు, ఒక ముసలావిడ గుమ్మంలో కోటు వేసుకుని రెండు గంటలు నిలబడింది. ఆ రోజు నుంచి ఆరు అంటే ఆరే. ఎవరికీ మినహాయింపు లేదు. ఇంట్లోవాళ్లకి అసలే లేదు. లేకపోతే ఊరు ఊరుకుంటుందా?

ఫిబ్రవరి 12. నోరీన్ ఆరూ పదికి ఫోన్ చేసింది.

పది నిమిషాలు ఆలస్యం.

కుదుటపడలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఇలీన్ కారు మా గుమ్మం ముందు ఆపింది. ఆస్మండ్ టీకి దిగాడు. డయాలసిస్ రోజున ఆయన ముఖం పాత దుప్పటి రంగులో ఉంటుంది. ఎనభై ఒక్క ఏళ్లు. పీతలు పట్టే బోనులకి తాళ్లు అల్లిన చేతులు, కప్పు పట్టుకోవడానికి రెండూ కావాలి.

ఇలీన్ మోకాలు తిట్టుకుంటూ కుర్చీలో పడింది. "ఉత్తమ పౌరురాలు బిస్కెట్లు కూడా తీస్తుందా, ఉత్త టీయేనా?"

"డబ్బాలో ఉన్నాయి. చేతులు కడుక్కో."

"అదీ! పౌరురాలంటే అలా ఉండాలి."

ఆస్మండ్ మాత్రం నవ్వలేదు. చాలాసేపు కప్పు తిప్పి, "ఒకమాట అడుగుతాను టీచరమ్మా. మీ మనసు నొప్పించాలని కాదు. నాకు తెల్లవారుజామున మెలకువొచ్చేస్తోంది, అందుకని," అన్నాడు. "నోరీన్ పోవడానికి ముందురోజు సాయంత్రం నేను ఫోన్ చేశాను కదా. మంచు వానంటున్నారు, రేపు మధ్యాహ్నం వెళ్దాం, ఆసుపత్రివాళ్లు కూడా సరేనన్నారు అని. మరి ఆ పిల్ల ఎందుకు బయల్దేరిందీ అని."

"మీరలా చెప్పలేదు."

"చెప్పాననుకుంటా."

"చెప్తే రాసేదాన్ని. నేను రాయనిదంటూ ఉండదు."

ఆయన నా ముఖంలోకి చూసి, మళ్లీ కప్పులోకి చూసుకున్నాడు. "అయితే చెప్పి ఉండను లెండి," అన్నాడు మెల్లగా. "ముసలి బుర్ర."

ఇలీన్ బిస్కెట్టు చేతిలోనే ఉంది. తినలేదు.

ఏప్రిల్ 3

కుట్టుమిషను పెట్టె తెరవలేదు.

ఏప్రిల్ 4

తెరవలేదు. ఆస్మండ్ మాట తప్పై ఉండాలి. రక్తం సగం శుభ్రపడిన మనిషి జ్ఞాపకం ఎంతని నమ్మాలి.

ఏప్రిల్ 5, శుక్రవారం

తెరిచాను.

ఫిబ్రవరి 11, వివరాల గడి, నా చేతిరాత, నల్లసిరా: "సా. 5.25. ఆ.ట. ఫోన్. వాతావరణం బాగోకపోతే మధ్యాహ్నం వెళ్లడానికి సిద్ధం, ఆసుపత్రి అంగీకారం ఉందన్నారు. అవసరం లేదన్నాను."

కింద ఫిబ్రవరి 12. "రోగి: ఆస్మండ్ టఫ్ట్స్. డ్రైవరు: నోరీన్ కోర్కమ్. బయల్దేరవలసిన వేళ 7.00." ఎదురుగా, 7.20కి రాసినది. ఆస్మండ్ ఫోన్ చేసి అమ్మాయి ఇంకా రాలేదన్నప్పుడు రాసినది. కోపంగా రాశాను, కలం నొక్కిన గుర్తు వెనక పేజీలో కూడా తెలుస్తోంది.

"డ్రైవరు ఆలస్యం."

అప్పటికి నోరీన్ వంతెన మలుపు దగ్గర, జారి పడిన కారులో ఉంది. అరగంట నుంచి ఉంది.

దాని కింద: "7.40 ఇలీన్‌కి ఫోన్. మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి వెళ్లాకే కదులుతానంది. 10.00కి బయల్దేరింది. 11.30 చేరిక. ఆసుపత్రివారు అభ్యంతరం చెప్పలేదు." ఈ వరస చేతిరాత వేరుగా ఉంది. పోలీసు అబ్బాయి వచ్చి వెళ్లాక రాశాను. అయినా రాశాను. రద్దు గడి ఖాళీ. ప్రయాణం జరిగింది కదా.

అంటే మూడు గంటలు ఆగొచ్చు. ఆగితే ఏమీ కాదు. అది కూడా నా చేతిరాతలోనే ఉంది.

ఏప్రిల్ 6

నోరీన్ ఏమందో అదీ రాస్తాను.

"అమ్మా, మెట్ల మీదే రెండుసార్లు జారాను. మొత్తం గాజులా ఉంది. ఉప్పు బండి వెళ్లాక బయల్దేరతాను, ఆస్మండ్ గారికి నువ్వు చెప్పు."

"ఆరు దాటింది నోరీన్."

"పది నిమిషాలే కదమ్మా."

"ఇవాళ నీకు పది నిమిషాలిస్తే రేపు ఇంకొకళ్లకి అరగంట ఇవ్వాలి. మా ఇంటి ముందు రోడ్డు బాగానే ఉంది. నెమ్మదిగా వెళ్లు."

"సరే టీచర్," అంది. విసుగేసినప్పుడు నన్ను టీచర్ అనేది. ఫోన్ పెట్టేసింది.

ఫోన్ పెట్టేశాక కూడా కిటికీలోంచి చూశాను. ఆరు నలభైకి. ఫిబ్రవరిలో ఆరు నలభైకి చీకటి. నాకు కనబడింది వీధి దీపం కింద పది అడుగుల రోడ్డు.

ఏప్రిల్ 9

ఇలీన్ ఒక్కతే వచ్చింది. బర్టన్‌కి చెప్పి సన్మానం వద్దనిపించమన్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాను.

"నీకు ఒంట్లో బాగుండకపోవడం ఈ ఊరు చూడలేదు అడీలియా. ఎవరూ నమ్మరు."

"అయితే నిజమే చెప్పు."

"ఏది నిజం?"

చెప్పాను. పూర్తిగా. ఫోను సంగతీ, ఆస్మండ్ సంగతీ. ఇలీన్ మోకాలు రుద్దుకుంటూ వింది. చివరికి, "ఆ పొద్దున నువ్వు నాకు ఫోన్ చేసినప్పుడు నేను రానన్నాను," అంది. "ఉప్పు పడితేగానీ కదలను, నీ పుస్తకంలో ఏం రాసుకుంటావో రాసుకో అన్నాను. నువ్వు నోరెత్తలేదు. నాకు భయపడ్డావు. కన్నకూతురికి భయపడలేదు."

ఎవరూ నాతో ఇలా మాట్లాడరు. మాట్లాడినందుకు కోపం రాలేదు.

"పిల్లకి తెలుసా?" అంది వెళ్తూ.

"తెలియదు."

"వేరే ఎవరైనా చెప్పేలోపు నువ్వే చెప్పు. స్టేజీ ఎక్కకముందే."

ఏప్రిల్ 11

చెప్పలేదు.

ఏప్రిల్ 12

రెండు నెలలు. జోసీ బడినుంచి వస్తూ వంతెన దాకా నడిచి వెళ్లిందట, బూట్లనిండా బురద. తుడిచాను. చెప్పలేదు.

నిర్ణయించుకున్నాను. తొమ్మిదోది సంచిలో పెట్టుకుని వెళ్తాను. స్టేజీ మీద ఆ పేజీ తీసి చదువుతాను. అందరికీ ఒకేసారి. అలా అయితే ఎవరికీ మినహాయింపు ఉండదు.

ఏప్రిల్ 14, ఆదివారం

నూట నలభై మంది. చౌడర్ సూపు ఉప్పగా ఉంది. గోడకి కాగితపు పూలు. ఎనిమిది రిజిస్టర్లు నీలం గుడ్డ మీద. జనం వేళ్లతో పేర్లు వెతికి, "ఇదిగో అమ్మ!" "ఇదిగో ఫ్లోరా పిన్ని, మూడుసార్లు!" అని అరుస్తున్నారు. ఒకావిడ పేజీ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.

జోసీ ప్రసంగం రెండు నిమిషాల పది సెకన్లు. నాలుగు అంకెలు చెప్పింది, నాలుగూ సరైనవే. వాళ్లమ్మ పేరు చివర్లో ఒక్కసారే చెప్పింది: "ఈ ఎనిమిది పుస్తకాల్లో మా అమ్మ నూట తొంభై మూడుసార్లు నడిపింది. మా అమ్మమ్మ లెక్కపెట్టింది కాబట్టి నాకు తెలిసింది."

బర్టన్ ఫలకం చదివాడు. "ముప్ఫై ఒక్క సంవత్సరాలలో ఒక్క ప్రయాణమైనా రద్దు కానివ్వని..."

జనమంతా లేచారు. ఆస్మండ్ కూడా లేచాడు, ముందు కుర్చీ పట్టుకుని.

సంచి నా భుజానికే ఉంది. మైకు ముందు నిలబడ్డాను. సంచి జిప్పు మీద చెయ్యి వేశాను. నా ఎదురుగా నూట నలభై ముఖాలు, వాటిలో ఎనభై మందికి నేను అక్షరాలు దిద్దించాను.

"అందరికీ ధన్యవాదాలు," అన్నాను. దిగిపోయాను.

ముప్ఫై మూడేళ్లు పిల్లల్ని గోడవైపు నిలబెట్టాను, నిజం చెప్పలేదని.

ఏప్రిల్ 15, సోమవారం

నిన్నటిది పూర్తిచెయ్యాలి.

ఇంటికి నాలుగింటికి వచ్చాం. ఫలకం నేను పట్టుకున్నాను, సంచి జోసీ మోసింది.

"ఇందులో ఏముంది, ఇటుకలా?" అంటూ వంటింటి బల్లమీద పెట్టి జిప్పు తీసింది. తొమ్మిదోది బయటికి తీసింది. "ఇది జిల్లా ఆఫీసులో ఉందన్నావు."

"లేదు."

"మరి?"

ఆ పేజీ తీసి దాని ముందు పెట్టాను. నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. నిలబడే చదివింది. ఒకసారి పైనుంచి కిందికి, మళ్లీ ఒకసారి. 'ఆలస్యం' అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"అమ్మ ఆరూ పదికి ఫోన్ చేసింది జోసీ. నేను..."

"తెలుసు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నేను అక్కడే ఉన్నాను కదా అమ్మమ్మా. పాలు పోసుకుంటున్నాను. నీ గొంతు ఫోన్లోంచి నాక్కూడా వినబడింది. నీ గొంతు ఎవరికి వినబడదు?" ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. "ఫోన్ పెట్టేసి అమ్మ నవ్వింది. 'మీ అమ్మమ్మ ఆరు దాటాక దేవుడు ఫోన్ చేసినా తియ్యదే,' అంది. కారు అద్దాల మీద మంచు గీకుతూ గీకుతూ సగంలో వదిలేసింది. నేను అద్దం ఇంకా కనబడట్లేదన్నాను. 'చాల్లే, టైమైపోతోంది, లేటైతే పుస్తకంలో రాసేస్తుంది' అంది."

గోడ గడియారం నేనే కొన్నాను. అది ఇంత చప్పుడు చేస్తుందని ఎప్పుడూ గమనించలేదు.

"రాసేశావా?" అంది జోసీ. "అప్పటికే రాసేశావు."

"తెలియక రాశాను."

"రెండు నెలల నుంచి తెలుసు కదా. దిద్దలేదేం?"

పుస్తకం నా వైపు తిప్పింది. కలం పక్కన పెట్టింది. గదిలోకి వెళ్లింది. తలుపు గట్టిగా వెయ్యలేదు, మెల్లగా చేరేసింది. వాళ్లమ్మ అయితే గట్టిగా వేసేది.

ఏప్రిల్ 16, మంగళవారం

ఆస్మండ్: 7.00, 8.22. రోడ్డు పొడి. ఇలీన్.

బర్టన్‌కి ఉత్తరం రాశాను. ఫలకం తిరిగి పంపుతున్నాను, కారణం పూర్తిగా రాసి, ఫిబ్రవరి 11, 12 తేదీల పేజీ నకలు జతచేసి. వచ్చే నెల ఒకటి నుంచి పుస్తకం ఇలీన్ రాస్తుంది. ఆరు గంటల నియమం ఉంచాలో తియ్యాలో దాని ఇష్టం. తీసేస్తానంది, నేను వాక్యం పూర్తిచెయ్యకముందే.

నిన్న రోజంతా కలం పట్టుకుని కూర్చున్నాను. సరైన మాట దొరకలేదు. 'వేళకి వచ్చింది' అని రాయలేను, రాలేదు కనుక. 'ప్రమాదం' అని రాయలేను, అది నా చెయ్యి కడిగేసే మాట. ఇవాళ సాయంత్రం రాశాను. 'డ్రైవరు ఆలస్యం' మీద ఒకే గీత. పైన: "డ్రైవరు 6.10కి ఫోన్ చేసి రోడ్డు ప్రమాదకరమని చెప్పింది. నేను పంపించాను." పక్కన: ఎ.సి., తేదీ.

జోసీని పిలిచాను. బడి సంచి భుజానికే ఉంది, వచ్చి చదివింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"కింద మాట ఇంకా కనబడుతోంది అమ్మమ్మా."

కనబడుతుంది. అలా గియ్యడం నేనే నేర్పాను.